ఊదారంగు చార

తొలకరి పడిందంటే మా పడమటి కర్నూలులో రాళ్ళ చదువు చదివినవాడికి గిరాకీ పెరుగుతుంది. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే జనం దిగుతారు. తళుక్కుమన్న రాయి ఏది దొరికినా ఎవరో ఒకరు తెచ్చి మన చేతిలో పెడతారు. అలాంటి ఒక జూన్‌లోనే, ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య క్యాంపు వేసుకుని ఉన్న నా దగ్గరికి ఒక పెద్దాయన తువ్వాలు ముడి విప్పుతూ వచ్చాడు. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు.

“సార్, ఇది సూడు. బాయి తవ్వుతాంటే వచ్చినాది.”

ఊదారంగు గడ్డ. ఒక అంచున లేతపచ్చ. ఎండకు పట్టి చూస్తే లోపలికి చూపు పోతోంది. జేబులోంచి చాకు తీసి గీశాను. గీత పడింది. మోస్ కాఠిన్య కొలమానంలో వజ్రానిది 10, దీనిది 4. చాకుకు లొంగే రాయి వజ్రం కాదు. సుత్తితో మెల్లగా తడితే నున్నటి వాలు తలాలుగా విడిపోయింది. ఇక అనుమానం లేదు.

“ఫ్లోరైట్ అంటారు పెద్దాయనా. వజ్రం కాదు.”

ఆయన ముఖం వాడింది. అయినా వెంటనే తేరుకుని, “అయితే దీనికేమొస్తాది?” అన్నాడు. నాకు జీతమిచ్చేది ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

మర్నాడు ఆయన చేనికి వెళ్ళాం. ఆదోని కోటకొండల్లో కనిపించే గుండ్లలాంటివే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, చేని గట్టునా ఉన్నాయి. ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. బావిలోకి తాడు పట్టుకుని దిగితే గోడకు నిలువునా కనిపించింది. మేము వీన్ అంటాం, పుస్తకాల్లో సిర అని రాస్తారు, పెద్దాయన ‘చార’ అన్నాడు. నాకు ఆయన మాటే నచ్చింది.

చారను అడ్డంగా చదవాలి, గోడ నుంచి నడుముకు. గ్రానైట్ చల్లారి గట్టిపడ్డాక ఎప్పుడో పగిలింది. లోతు నుంచి వేడినీళ్ళు ఆ పగులు వెంట వచ్చాయి. ఆ వేడినీళ్ళకు గోడలోని ఎర్రటి ఫెల్‌స్పార్ మెత్తబడి, గోటితో గీకితే రాలే తెల్లమట్టి అయింది. గోడలకు ముందు పలుగురాయి పూత పట్టింది. దాని మీద పచ్చ ఫ్లోరైట్, ఆపైన ఊదా. నడుమ మిగిలిన సందుల్లో పటికబెల్లం ముక్కల్లా చిన్న చిన్న ఘనాలు. అంటే పగులు ఒక్కసారిగా నిండలేదు. నీళ్ళు ఆగి ఆగి, విడతలు విడతలుగా వచ్చాయి.

చారకు అడ్డంగా కందకాలు తవ్వించాం. బావి దగ్గర జానెడు మందం ఉంది. కొంత దూరం పోతే బెత్తెడు. ఇంకాస్త పోతే వేలి మందం. చివరికి ఊదారంగు పోయి ఉత్త పలుగురాయి మిగిలింది. రాత్రి లాంతరు ముందు కూర్చుని లెక్క వేశాను. వంద మీటర్ల పొడవు, సగటున పది సెంటీమీటర్ల మందం, ఇరవై మీటర్ల లోతు ఉందనుకుందాం. 200 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు ఫ్లోరైట్ సుమారు 3.2 టన్నులు తూగుతుంది. అంతా ఫ్లోరైటే అయినా 640 టన్నులు. అందులో సగం పలుగురాయే. ఉక్కు కొలిమిలో మడ్డిని పలచబరచడానికి వాడే రకానికి కొంత మలినం ఉన్నా చెల్లుతుంది గానీ, ఆమ్లం తయారీకి 97 శాతం శుద్ధి కావాలి. గుజరాత్‌లోని అంబాడుంగర్‌లో లెక్క లక్షల టన్నుల్లో ఉంటుంది. మన చార ఎక్కడ, అది ఎక్కడ!

“గిట్టుబాటు కాదు” అని నివేదిక రాశాను. ఈ వృత్తిలో ఎక్కువగా రాసే వాక్యం అదే. నూటికి తొంభై చారలు గనులు కావు. కాదని తేల్చడమూ పనేనని మొదట్లోనే నేర్చుకున్నాను. ఆ నివేదికలో ఒక్క అంకె కూడా తప్పు కాదు. తప్పు వేరేచోట ఉంది.

కందకాల దగ్గర సుత్తి అందించేవాడు పెద్దాయన మనవడు. పదేళ్ళుంటాయేమో. నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు అడ్డచారలు కనిపించేవి. “గార సార్. ఊర్లో పిల్లోళ్ళందరికీ ఉండాది” అన్నాడు తాత. నేను తలూపి, నోట్‌బుక్‌లో రాతి చార మందం రాసుకున్నాను.

చాలా ఏళ్ళకు నీటి పనుల్లోకి మారాక గానీ ఆ పళ్ళ మీది చారల అర్థం నాకు తగల్లేదు. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, కారణం తాగునీటి ఫ్లోరైడేనని వైద్యులు 1937లోనే ప్రకటించారు. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. కరిగేది తక్కువే, లీటరుకు పదహారు మిల్లీగ్రాముల దాకా. కానీ తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ అణిగి ఉంటుంది. మా వైపు నేలల్లో ఆ కాల్షియం సున్నపు గులకలై మట్టిలోనే నిలిచిపోతుంది. మిగిలిన సోడియం నీళ్ళు రాతిలోని ఫ్లోరైడ్‌ను తేలిగ్గా లాగేస్తాయి. ఊరి నీటిలోని ఫ్లోరైడ్ అంతా ఆ ఒక్క చారదే అనలేను. గ్రానైట్‌లోని నల్ల అభ్రకంలోనూ, అపటైట్‌లోనూ అది ఉంటుంది. అయినా ఆ ఊదారంగు ఒక హెచ్చరిక. ఈ రాతిలో ఫ్లోరిన్ ఉంది, నీళ్ళు చూసుకో అని.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. బావి ఎండింది, పక్కనే బోరు. నీళ్ళు పరీక్ష చేయిస్తే 1.5 దాటింది. మనవడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. “కాంచి తాగుతాండాం సార్” అన్నాడు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఇరవై ఏళ్ళ కింద చెప్పాల్సిన మాట.

జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలు 1929లో బయటపడ్డాయి. వాటిని గుర్తించిన అనూ ఘోష్ భూగర్భ శాస్త్రవేత్త. రాళ్ళ కోసం వెళ్ళినవాడు రాత చూశాడు. నేను చారను చదివాను గానీ, పిల్లాడి పళ్ళ మీది రాత చదవలేదు.

ఇప్పటికీ తొలకరికి రాళ్ళు వస్తాయి. చాకు తీసి గీస్తాను, వజ్రం కాదంటాను. తర్వాత, “మీరు తాగే నీళ్ళు యాడివి? ఒక సీసా పట్టుకురండి” అంటాను. రాయి తెచ్చినవాళ్ళు నన్ను అనుమానంగా చూస్తారు. పదిమందిలో ఇద్దరు ముగ్గురు సీసా తెస్తారు.