ఊక పొయ్యి ముందు పదహారేళ్లు

2019 ఏప్రిల్‌లో యాసంగి వడ్లు లారీల కొద్దీ దిగుతున్న రోజుల్లో సేటు నన్ను పనిలోంచి తీసేశాడు. కాగితం లేదు, నోటీసు లేదు. "రేపటి నుంచి రాకు" అన్నాడు, అంతే. జనగామ దగ్గరి ఆ బాయిల్డ్ రైస్ మిల్లులో పదహారేళ్లు ఊక పొయ్యి ముందు నిలబడ్డాను. చెల్లె బిడ్డ పెండ్లికి మూడు రోజులు సెలవడిగితే ఇవ్వనన్నాడు, అయినా పోయాను. సీజన్‌లో బాయిలర్ ఆగితే మిల్లంతా ఆగుతుందని నాకు తెలుసు. అంతవరకు తప్పు నాదే.

ముందు పెద్దమనుషుల దగ్గరికే పోయాను. మా వైపు ఏ తగాదా అయినా మొదట పంచాయితీయే. ఇద్దరం చెరో ఐదు వేలు డిపాజిట్ పెట్టాం. నా ఐదు వేల కోసం నా భార్య కమ్మలు కుదువకు పోయాయి. మూడుసార్లు కూర్చున్నారు. మూడోసారి పెద్దమనుషులు సేటు కారులోంచే దిగారు. పదిహేను వేలు తీసుకొని దండం పెట్టమన్నారు. డిపాజిట్ తిరిగి రాలేదు.

భూపాలపల్లి బొగ్గుబావుల దగ్గర కాంట్రాక్టు పని చేసే మా తమ్ముడు ఫోన్లో తిట్టాడు. "అన్నా, గ్రాట్యుటీ సంగతి ఒక్కరన్నా అడిగిన్రా? లేబర్ ఆఫీసుకు పో. ఆడ కూసున్నాయన మనోడు కాదు, సేటు మనిషీ కాదు."

మనోడు కానివాడు నాకేం చేస్తాడనుకుంటూనే పోయాను.

మొదటి వాయిదా నాడు సేటు పక్కన నాకూ అదే రకం కుర్చీ వేశారు. పదహారేళ్లలో ఆయన ముందు కూర్చున్నది అదే మొదలు. ఏ మూలకు కూర్చోవాలో తెలియలేదు. నా గోడంతా వెళ్లబోసుకుంటే ఆఫీసర్ అడిగింది ఒక్కటే: "కాగితాలేమున్నయి?" ఒళ్లు మండింది. ఈయన కూడా అటువైపేనని ఇంటికొచ్చి చెప్పాను.

సేటు వాదన తేలికైనది. మిల్లు పేరు నాలుగేళ్ల కింద మారింది కాబట్టి నా సర్వీసు నాలుగేళ్లే. అప్పుడున్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టానికి ఐదేళ్లు నిండాల్సి ఉండేది. పేరు మారింది గానీ పొయ్యి మారలేదు కదా! ఆఫీసర్ మాత్రం ఔననలేదు, కాదనలేదు. లెక్క ఒక్కటి పైకి చదివాడు. జీతం 9,100. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 350. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున 5,250. "పదహారేళ్లని తేలితే 84,000. తేలకపోతే ఏం లేదు."

ఆ తర్వాత అన్నీ వాయిదాలే. అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోల్లోనూ కార్మికులు సమ్మెకు దిగారు. పద్నాలుగు కిలోమీటర్లు సైకిల్ మీద వాయిదాకు పోయేవాణ్ణి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామని హైకోర్టు అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదని హోటల్‌లో పేపర్లో చదివాను. 52 రోజుల సమ్మె అది. అంతమంది యూనియన్ వాళ్లకే నడుమ మనిషి దొరకలేదు, నాకు ఒకాయన దొరికాడు. ఆ పేపర్ చదివిన రోజే ఆఫీసర్ మీద కోపం కొంచెం దిగింది.

జనవరిలో నా భార్య మహబూబాబాద్‌లోని పుట్టింటికి పోయి మిర్చి ఏరింది. వారానికోసారి రైల్లో వచ్చేది. అన్నం కలపడానికి చెంచా అడిగేది. చేతుల మంట గురించి అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

దారి చూపింది నా బాయిలర్ సర్టిఫికెట్. బాయిలర్‌కు ఏటా తనిఖీ ఉంటుంది, నడిపేవాడి పేరు కాగితాల్లో చూపాలి. పాతవి తెమ్మంటే సేటు నాలుగేళ్లవే తెచ్చాడు. ఆఫీసర్ బాయిలర్ల శాఖకు రాసి మిగతావి తెప్పించాడు. రెండు మిల్లు పేర్ల కిందా నా పేరే ఉంది. సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివాడు.

"అరవై వేలు ఇప్పుడే ఇస్త" అన్నాడు. నేను ఆఫీసర్ మొఖం చూశాను. "నా మొఖం చూడకు. లెక్క నీకు తెలుసు" అన్నాడాయన. నేను తల అడ్డంగా ఊపాను.

ఫిబ్రవరిలో సేటు 42,000 చొప్పున రెండు చెక్కులు ఇచ్చాడు. ఉద్యోగం సంగతి వేరే దరఖాస్తు, వరంగల్ లేబర్ కోర్టుకు పోవచ్చన్నారు. ఇంకో ఏడాది తిరిగే ఓపిక లేక వదిలేశాను. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

సంతకాలయ్యాక సైకిల్ స్టాండు తీస్తుంటే సేటు దగ్గరికొచ్చాడు. "బాయిలర్ గేజి గ్లాసు కారుతాంది. కొత్తోనికి తెలుస్తలేదు. ఒక్కసారి చూసి పోరాదు."

"ఎంతిస్తరో ముందు కాగితం మీద రాయి సేటూ" అన్నాను.

జేబులో పెన్ను కోసం వెతుక్కున్నాడు.