ఏడాది మీద ఒక్కరోజు

1020ల ప్రాంతంలో ఫ్రాన్సులో అడల్బెరో అనే బిషప్ లోకాన్ని మూడు ముక్కలు చేసి చెప్పాడు. ప్రార్థించేవాళ్లు, యుద్ధం చేసేవాళ్లు, పనిచేసేవాళ్లు. పురుషసూక్తం దెబ్బలు తిన్నవాళ్లకు ఇది కొత్త మాట కాదు.

పనిచేసేవాళ్లలో చాలామంది సెర్ఫులు. వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాలె. పంటలో పదోవంతు చర్చికి పెట్టాలె. పిండి దొర మరలోనే పట్టించాలె, దానికీ సుంకం. ఇంగ్లండులో చాలాచోట్ల ఇంటి పెద్ద చస్తే మేలైన పశువు దొర కొట్టానికి పోయేది.

పిల్లలకు ఈ పాఠం చెబుతుంటే మా తాత యాదికొస్తడు. నిజాం కాలంలో గడీకి చెప్పులు, మోటబొక్కెనలు వెట్టికి కుట్టినోడు. అక్కడ మనిషి చస్తే బతికున్న పశువును దొర తోలుకపోయిండు. ఇక్కడ పశువు చస్తే పీనుగును మా తాత మోసిండు.

వెట్టి, సెర్ఫుతనం ఒకటేనని, భూమి పంచితే కులమూ పోతదని చెప్పే అన్నలు మీటింగుల్లో ఇప్పటికీ ఉన్నరు. భూమి పంచాల్సిందే. కానీ వాళ్లకు ఒక సంగతి చెప్పాలె. మధ్యయుగాల్లో యూరప్ పట్నాల్లో ఒక రివాజు ఉండేది. దొరకు చిక్కకుండా ఏడాది మీద ఒక్కరోజు పట్నంలో ఉంటే చాలాచోట్ల సెర్ఫు స్వతంత్రుడయ్యేవాడు. నేను చదువుకోను హైదరాబాదు వచ్చి ఏండ్లే ఉన్న. అద్దెగది అడిగితే కిరాయి చెప్పకముందే "మీరేమోళ్లు?" అన్నరు. కులం నాతోపాటే బస్సెక్కింది.

1348లో ఇంగ్లండుకు ప్లేగొచ్చి పనిచేసే చేతులు తగ్గినయ్, కూలి పెరిగింది. పెంచొద్దని 1351లో చట్టం చేశారు. 1381లో వాట్ టైలర్ వెంట జనం లండన్ మీదికి నడిచారు. టైలర్‌ను చంపారు. అయినా ఆ తర్వాతి కాలంలో సెర్ఫుతనం మెల్లగా కరిగిపోయింది. మన దగ్గర ఎన్ని కరువులు, ఎన్ని గత్తరలు వచ్చినా అంటు కరగలేదు. కులం పనినే కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిండు. ఒక్కటి కాని కూలోళ్లు ఎవరి మీదికి నడుస్తరు?

యూరప్‌లో అంటు లేదని కాదు. ఫ్రాన్సు, స్పెయిన్ నడుమ పిరెనీస్ కొండల పక్కన కాగోలని ఒక జనం ఉండేవారు. చర్చిలోకి వాళ్లకు వేరే తలుపు, పవిత్ర జలానికి వేరే తొట్టి. చేసేది ఎక్కువగా వడ్రంగం. పెళ్లిళ్లు వాళ్లలో వాళ్లకే. బిషప్ చెప్పిన మూడు ముక్కల్లో వాళ్ల ఊసే లేదు. రైతు కూడా పక్కన నిలబడనియ్యని మనుషులు వాళ్లు. వర్గం వేరు, అంటు వేరు అనడానికి యూరపే సాక్ష్యం.

1789 విప్లవంతో చట్టంలో కాగోల మీది కట్టుబాట్లు పోయినయ్. వాళ్ల వారసులెవరో ఇవాళ పోల్చుకోవడం కష్టం. కొన్ని చర్చి గోడల్లో ఆ చిన్న తలుపుల ఆనవాళ్లు మాత్రం మిగిలినయ్.

మా దిక్కు 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. గడీలు కూలినయ్. వాడ మాత్రం ఊరి బయటే ఉంది. మా తలుపు ఆనవాలుగా మారే రోజు కోసమే మా కొట్లాట.