గాడ్జిల్లా గర్జన వెనుక

1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ఆ పేలుడు బూడిద జపాన్ చేపల పడవ ‘దైగో ఫుకుర్యూ మారు’ మీద కురిసింది. పడవలో 23 మంది. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో కన్నుమూశాడు.

అదే ఏడాది నవంబరు 3న జపాన్ సినిమా ‘గాడ్జిల్లా’ విడుదలైంది. మొదట్లోనే సముద్రం మీద కళ్లు చెదిరే వెలుగు, మంటల్లో మునిగిపోయే ఓడ. ఆ ఏడాది టికెట్టు కొన్న జపనీయులకు అది ఉత్త కల్పనగా ఎలా అనిపిస్తుంది?

దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం నుంచి ఇంటికి వస్తూ హిరోషిమా శిథిలాలను చూసినవాడు. అందుకేనేమో, ఈ సినిమాలో గుండెను పిండేసేది గాడ్జిల్లా అనే ఆ భారీ జంతువు కాదు, దాని దాడి తర్వాతి ఆస్పత్రి. ఎటు చూసినా క్షతగాత్రులే. ఒక పసిబిడ్డ దగ్గర రేడియేషన్ కొలిచే మీటరు పెట్టి చూసిన శాస్త్రవేత్త, ఏమీ అనలేక తల అడ్డంగా ఊపుతాడు. ఎన్ని భవనాలు కూలినా ఆ తల ఊపడానికి సాటిరావు.

మరో సన్నివేశంలో, రైల్లో ఒక యువతి నాగసాకి బాంబు నుంచి ఎలాగో బతికి బయటపడ్డానని, ఇప్పుడు మళ్లీ ఇదా అని వాపోతుంది. 1956లో అమెరికాలో ఆడిన రూపంలో నటుడు రేమండ్ బర్‌ను కొత్తగా చేర్చి, ఈ మాటను తీసేశారు. అది కథకు చేసిన అన్యాయం. మూల చిత్రం 2004లో అక్కడి థియేటర్లలో ఆడింది.