గాలి దిగిపోయిన లారీ

గాలి ఉంటేనే లారీ బ్రేకు పట్టుకుంటుందని ఇంటర్ దాకా నమ్మాను. లారీ ఓనర్ కొడుకునై ఉండి ఈ మాట చెప్పుకోవడం సిగ్గే.

నాన్నకి డయాలసిస్ మొదలయ్యాక లారీ ఎనిమిది నెలలు మా కొబ్బరితోట పక్కనే ఉండిపోయింది. ఉద్దానంలో ఈ వాక్యం ఎవరికీ వివరించక్కర్లేదు. దసరా సెలవుల్లో టెక్కలి నుంచి ఒకాయన వచ్చి బేరం ఖాయం చేసుకున్నాడు. డీజిల్ పంపు విప్పేసి ఉంది, ఇంజిన్ స్టార్టవదు. ట్రాక్టర్‌కి రాడ్డు తగిలించి జంక్షన్‌లో మెకానిక్ షెడ్డు దాకా లాగుదాం అనుకున్నాం. హ్యాండ్ బ్రేకు లీవరు నేనే రిలీజ్‌లో పెట్టాను. ట్రాక్టర్ లాగింది. వెనక చక్రాలు తిరగలేదు, ఇసకలో రెండు చాళ్ళు పడ్డాయి అంతే.

"గాలి లేదురా, అదెలాగ కదుల్తాది?" అన్నాడు నాన్న.

అసలు సంగతి ఇదీ. కాలితో తొక్కే బ్రేకుని గాలి నొక్కుతుంది. హ్యాండ్ బ్రేకు దానికి రివర్స్. వెనక చక్రాల దగ్గర డబ్బాల్లో పెద్ద స్ప్రింగు ఎప్పుడూ బ్రేకుని నొక్కుతూనే ఉంటుంది, గాలి దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. గాలి పోతే స్ప్రింగుదే గెలుపు. పైపు తెగినా బండి ఆగాలి కదా. రైళ్ళకి వెస్టింగ్‌హౌస్ 1872లోనే ఇలాంటి ఆలోచన చేశాడట, గాలి పోతే బ్రేకు పడేలా. మేము క్లాసులో ఫెయిల్ సేఫ్ అని రెండు మార్కులకి రాసేది ఇదే.

ఇంజిన్ తిరిగితే దాని కంప్రెసరే ట్యాంకులు నింపుకుంటుంది. తిరగదు కాబట్టి పంక్చర్ షాపు మావయ్య తన సింగిల్ ఫేజ్ కంప్రెసర్‌ని ఆటోలో తెచ్చాడు. మా ఇంట్లోంచి వైరు లాగాం. ముందు ఎయిర్ ట్యాంకు కింద వాల్వు తిప్పితే తుప్పురంగు నీళ్ళు కారాయి. సముద్రపు గాలి కదా, లోపల కూడా ఉప్పే ఉంటుందేమో. ఆ వాల్వు విప్పేసి, అక్కడ ట్యూబు నిప్పిల్ బిగించి పైపు తగిలించాడు. ట్రాక్టర్ రాడ్డు తీసేశాం. మావయ్య ఎవరూ చెప్పకుండానే ముందు చక్రాలకి రెండు రాళ్ళు పెట్టాడు. అవెందుకో నేను అడగలేదు.

చిన్న కంప్రెసర్‌కి లారీ ట్యాంకులంటే బిందెడు నీళ్ళు గ్లాసుతో పోసినట్టే. ముల్లు రెండు కేజీల దగ్గర ఆగిపోయింది. ఎక్కడో లీకు. నేను సర్ఫు నీళ్ళు పట్టుకుని లారీ కిందకి దూరాను. ఒక జాయింటు దగ్గర బుడగలొచ్చాయి, స్పానర్‌తో బిగించాను. మంచి ఊపులో ఉన్నాను, ఇంకో జాయింటు చూద్దామని అక్కడే పడుకున్నాను. మావయ్య పైనుంచి మూడు, నాలుగు అని చెబుతున్నాడు.

అప్పుడు నాన్న కేబిన్‌లోకి తొంగి చూశాడు.

"ఒరే, ముందు బయటికొచ్చీ! లీవరు రిలీజ్‌లోనే ఉందిరా!"

పాక్కుంటూ బయటికొచ్చాను. ముల్లు ఐదు దాటింది. చప్పుడేమీ రాలేదు. లారీ తోట పల్లం వైపు జానెడు జరిగి, రాళ్ళ మీదకి ఎక్కబోయి ఆగింది. నాన్న ఎడమచేత్తో డోరు పట్టుకుని ఎక్కబోయి ఆగిపోయాడు. అది ఫిస్టులా ఉన్న చెయ్యి, దాంతో బరువు లాగకూడదు. మావయ్యే ఎక్కి లీవరు లాగాడు. అప్పుడు వచ్చింది ఫస్స్ మని చప్పుడు.

నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.

రాడ్డు మళ్ళీ తగిలించి లాగాం. నడపడానికి నాన్న తయారయ్యాడు గానీ, ఇంజిన్ లేకుండా ఆ స్టీరింగు తిప్పడం మామూలు చేతులకే కష్టం. కొన్నాయన డ్రైవర్ కూర్చున్నాడు. "బ్రేకు లెక్కెట్టుకుని తొక్కు. ఉన్న గాలే, మళ్ళీ నిండదు" అని నాన్న అతనికి రెండుసార్లు చెప్పాడు. లారీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

కంప్రెసర్‌లో ఇంకా గాలి ఉంది. మావయ్య మా స్కూటీ టైర్లకి కొట్టి, డబ్బులు వద్దన్నాడు. మర్నాడు పొద్దున్న ఆ స్కూటీ మీదే నాన్నని పలాస తీసుకెళ్ళాను.