పైరగాలి వెంట బందరునుండి బెజవాడకు

వేసవి యన్న బెజవాడవారికి గుండె జల్లుమనును. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను మాట ఇతరులకు సామెత కావచ్చును గాని, ఇంద్రకీలాద్రి నీడను కాపురముండువారికి అది దినదినము అనుభవమే. పగలెల్ల కాగిన కొండరాళ్ళు చాల రాత్రివరకు సెగ గ్రక్కుచునే యుండును. ఇంగ్లీషు చదివినవారు పూర్వము ఈ యూరిని 'బ్లేజువాడ' యని చమత్కరించుటలో వింత యేమియు లేదు.

అట్టి యూరిలో సాయంకాలము నాలుగైదు గంటలకు ఒక్కొక్కనాడు గాలి చటుక్కున తిరుగును. అంతవరకు పడమటినుండి మొగము మాడ్చుచున్న వడగాలి యాగిపోయి, ఆగ్నేయమునుండి చల్లని తడిగాలి వీచును. దీనినే మన పెద్దలు పైరగాలి యందురు. క్రిందటి వేసవిలో ఒకనాడు మేడమీద మినపవడియములు ఎండబెట్టి, మేము క్రింద కునుకు తీయుచుంటిమి. కిటికీయొద్ద కూర్చున్న మా అత్తగారు, "అమ్మాయీ, గాలి తిరిగింది. కొండపల్లి వైపు మబ్బు కూడా లేచింది. వడియాలు తీసెయ్యండి" అనిరి. ఎండ ఇంకను కాయుచునే యుండెను. మేము నవ్వుకొనుచునే తీసితిమి. అరగంట గడచునప్పటికి ఉరుములతో వాన కురిసినది. ఆ చల్లగాలి యెక్కడ పుట్టినది? దానికిని వానకును సంబంధమేమి? ఈ ప్రశ్నలు మమ్ము విడువలేదు. గాలి పుట్టినచోటికే పోయి, దాని వెంటనే మరల బెజవాడకు రావలయునని ఈ వేసవిలో నిశ్చయించుకొంటిమి.

ఇట్టి వెఱ్ఱి మాకొక్కరికే కలిగినది కాదు. అమెరికా దేశమున రాకీ పర్వతములకు తూర్పుగా ఎత్తైన మైదానములు కలవు. మెక్సికో సింధుశాఖనుండి వచ్చు తడిగాలియు, పడమటి పీఠభూములనుండి వచ్చు పొడిగాలియు అచట నొకదానినొకటి ఎదుర్కొనును. ఆ రెండును కలియు గీటువెంట మహామేఘములు లేచును. నేల యెత్తుపల్లములును ఈ కలయికకు తోడ్పడును. డెన్వరు నగరమునకు దక్షిణమున నున్న ఒక గట్టును దాటివచ్చు ఆగ్నేయపుగాలి, అవతలిగాలితో కలిసి సుడి తిరుగు చోటు శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధము. అట్టి చోట్లను కనిపెట్టి గాలివానల వెంట బండ్లపై తిరుగువారు ఆ దేశమున పలువురు కలరు. డేవిడ్ హోడ్లీ యనునాతడు 1956వ సంవత్సరముననే ఈ పనికి పూనుకొనెను. ఇది వినోదము మాత్రమే కాదు, ప్రాణముతో చెలగాటము కూడను. 2013 మే 31వ తేదీని ఓక్లహోమా రాష్ట్రములో ఎల్ రీనో యొద్ద, సుడిగాలులను శోధించుటలో పేరుపొందిన టిమ్ సమారాస్, ఆయన కుమారుడు, వారి సహచరుడు ఒకరు ఆ సుడిగాలికే బలియైరి. మన డెల్టాలో అంతటి సుడిగాలులు అరుదు. అయినను రెండు గాలులు కలిసినచోట మబ్బు పుట్టునను సూత్రము అక్కడను ఇక్కడను ఒక్కటే.

మే నెలలో ఒకనాడు, పత్రికలలో 'ద్రోణి' యని పడినది చూచి, అత్తగారిని వెంటబెట్టుకొని అద్దెకారులో బయలుదేరితిమి. ద్రోణి యన నేమో కాదు. రెండువైపుల గాలులు వచ్చి చేరు అల్పపీడనపు చాలు. అది సమీపమున నున్ననాడు మబ్బులు లేచుటకు అవకాశ మధికము.

తొమ్మిది గంటలకు బందరు దాటి మంగినపూడి సముద్రతీరము చేరితిమి. గాలి అప్పటికి పడమటినుండియే వీచుచు ఇసుకను సముద్రమువైపు తోలుచుండెను. పదిన్నర దాటిన తరువాత అది మందగించెను. కొంతసేపు ఆకు కదలలేదు. పిమ్మట సముద్రముమీదినుండి సన్నని గాలి మొదలై, క్రమముగా బలసి, మా చీరచెంగులను ఊరివైపు ఎగురవేసెను. "ఇదుగో, మన పైరగాలి పుట్టిల్లు" అని అత్తగారు మురిసిరి.

దీని కారణము మన వంటింటిలోనే తెలియును. పొయ్యిమీద ఖాళీ మూకుడు క్షణములో కాగును. బిందెడు నీళ్ళు కాగుటకు చాలసేపు పట్టును. అట్లే యెండకు నేల త్వరగా వేడెక్కును, సముద్రము నిదానముగా వేడెక్కును. నేలమీది గాలి వేడెక్కి తేలికయై పైకి పోగా, ఆ చోటు నింపుటకు సముద్రమునుండి చల్లగాలి వచ్చును. చల్లగాలి బరువైనది గనుక నేలనంటి ప్రాకుచు, ఎదురైన వేడిగాలి క్రింద మేకువలె దూరి, దానిని పైకెత్తును. పైకి లేచిన గాలి చల్లబడి, అందలి తడి మబ్బగును.

గాలి వెంటాడుట యన మోటారు పరుగెత్తించుట యనుకొంటిమి గాని, ఈ గాలి గంటకు పది పదిహేను కిలోమీటర్లకంటె మించి నడుచునట్లు మాకు తోచలేదు. కావున ముందు పోయి, నిలిచి, అది వచ్చి చేరువరకు వేచియుండుటయే మా పని యయ్యెను. బందరులో కొంతసేపు ఆగితిమి. ఈ యూరివారికి గాలి యన్న భయము తరతరములది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో ఉప్పెన వచ్చి ఇంచుమించు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలమందికి పైగా హరించినది. నేడు బందరులో తుపానులను కనిపెట్టు రాడారు కలదు. తుపాను వచ్చునన్న వార్త కొన్నిదినములు ముందుగనే తెలియును. వేసవిమబ్బు అట్లు కాదు. మధ్యాహ్నమున పుట్టి, సాయంకాలమునకు ఆరిపోవును. అది యిచ్చు గడువు గడియయో, రెండు గడియలో.

గూడూరు దాటినపిమ్మట ఒక ఇటుకబట్టీ కనబడినది. దాని పొగ ఇంకను తూర్పునకే వాలియుండెను. అనగా మేము గాలికంటె ముందున్నామన్నమాట. చెట్టుక్రింద కారు నిలిపి, తెచ్చుకొన్న దధ్యోదనము తినుచుండగా పొగ నిట్టనిలువుగా లేచినది. కొంతసేపటికి ఆ పొగ వాయవ్యమునకు, అనగా బెజవాడవైపునకు వాలినది. మా చెంపలకు చల్లదనము తగిలినది. ఒక చిన్న దుమ్ముసుడి రోడ్డుకు అడ్డముగా పరుగెత్తినది. గాలి యెల్ల ఎట్లు తిరుగునో ఆ ఒక్క పొగయే మాకు చూపినది.

పామఱ్ఱు దాటి ఉయ్యూరు చేరునప్పటికి మూడు గంటలైనది. అచట ఆకాశమే మాకు దారి చూపెను. వెనుక, సముద్రమువైపు, మింట మబ్బుతునక లేదు. ముందు, పడమట, దూదిపింజలవంటి మబ్బులు వరుస తీరి, ఆ గాలిగీటు పొడవునను నిలిచియుండెను. ఆ వరుసక్రింద గద్దలు రెక్కలాడింపకయే గిరగిర తిరుగుచు పైపైకి పోవుచుండెను. పైకిలేచు గాలి వానిని మోయుచున్నదన్నమాట. దూరమున బెజవాడ కొండలున్న దిక్కున నొక మబ్బు మాత్రము తక్కినవానిని మించి, కాలీఫ్లవరువలె పొరలుపొరలుగా పెరుగుచుండెను. ఎండకు కాగిన కొండవాలులు తమంతనే గాలిని పైకి పంపును; దానికి పైరగాలి త్రోపు తోడైన నిక చెప్పవలయునా?

కంకిపాడు సమీపమున రోడ్డుప్రక్కన దాళ్వా ధాన్యము ఆరబోసియుండెను. పదిమంది స్త్రీలు కాళ్ళతో చాళ్ళు తీయుచుండిరి. పైరగాలి వచ్చి చాలసేపైనది గనుక వారు చెమట తుడుచుకొని హాయిగా మాటలాడుకొనుచుండిరి. ఇంతలో గాలి స్తంభించినది. పడమటిమబ్బు నల్లబడి మామీదికి వంగినది. వెంటనే పడమటినుండి మట్టివాసనతో ఈదురుగాలి విసరికొట్టినది. ఇది యుదయపు వడగాలి కాదు. మబ్బులోని వాన క్రిందికి తోసిన చల్లగాలి. గాలి రెండవమారు తిరిగినదన్నమాట.

స్త్రీలు ధాన్యము పోగుచేసి టార్పాలిను పట్టాలు కప్పుటకు పరుగెత్తిరి. నలుగురు తాటిచెట్ల క్రిందికి పోయి నిలిచిరి. మెరుపు మెరసినది; మేము పది లెక్కించులోపల ఉరిమినది. అత్తగారు కారు దిగి, "చెట్ల కింద నిలబడకండమ్మా! మిల్లులోకి రండి!" అని కేకవేసిరి. ప్రక్కనున్న రైసుమిల్లులోనికి అందరిని తోడుకొనిపోయితిమి. ఒక్క ముసలామె మాత్రము పట్టామీద రాళ్ళు పెట్టుచు కదలదయ్యెను. "గింజ తడిస్తే కొనేవాళ్ళు లేరు తల్లీ, నేను పోతే ఏం?" అనెను. అత్తగారు ఆమె చేయి పట్టుకొని, "గింజ మళ్ళీ పండుతుంది, నువ్వు పండవు, పద" అని లాగికొనివచ్చిరి. కొన్నినిమిషములకు కన్నులు మూతలుపడు వెలుగుతో పిడుగు పడినది. వాన వెలిసిన తరువాత చూచితిమి. ఆ తాళ్ళలో నొకదాని మొవ్వు మాడి పొగలు వచ్చుచుండెను. ముసలామె దానివంక చూచి మాటాడలేదు. ధాన్యము ఒకప్రక్క తడిసినది.

సోదరీమణులారా, ఇది కథ కొరకు చెప్పినది కాదు. 2018 ఏప్రిల్ 24వ తేదీని మన రాష్ట్రములో పదమూడు గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. అరేబియా సముద్రపు చల్లగాలియు, ఉత్తరాదినుండి వచ్చిన వేడిగాలియు తాకుటయే దానికి కారణమని విపత్తుల నిర్వహణశాఖవారు చెప్పిరి. దేశమంతటను 2021వ సంవత్సరములో పిడుగుపాటుచే మరణించినవారు 2,880 మంది. వీరిలో పలువురు పొలములలో పనిచేయువారే.

మెరుపునకును ఉరుమునకును నడుమ ప్రతి మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరమని యెంచవలయును. ముప్పది లెక్కించులోపల ఉరిమిన, పక్కా ఇంటిలోనికో, తలుపులు మూసిన కారులోనికో చేరవలయును. చెట్టునీడ, తాటితోపు, మేడమీది దండెము, కాలువరేవు ఆ సమయమున తగవు. ఇంట నున్నను కుళాయిలను, విద్యుత్తీగలను తాకరాదు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంటవరకు బయటికి రారాదు. పూనాలోని ఉష్ణదేశ వాతావరణ శాస్త్రసంస్థవారు తయారుచేసిన 'దామిని' యను యాప్ సెల్‌ఫోనులోనే పిడుగుల జాడ తెలుపును. ఇంట నొక్కరి ఫోనులో నున్నను వీధి కంతకు చెప్పవచ్చును.

ఇంక పైరగాలి సంగతి. అది వచ్చిన ప్రతిదినమును వాన రాదు. పెక్కుదినములు చల్లదనమునిచ్చి పోవును. కాని మొదటిమారు గాలి తిరిగినప్పుడు పడమట చూడుడు. మబ్బు నిలువుగా పెరుగుచుండిన, వడియములు తీయుటకును, కళ్ళములోనివారికి కబురంపుటకును అదియే సమయము. రెండవమారు తిరిగి ఈదురుగాలి కొట్టునప్పటికి కాలము మించినట్లే. అప్పుడిక వస్తువులను కాక మనుష్యులనే చూచుకొనవలయును.

చీకటిపడువేళకు బెజవాడ చేరితిమి. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజిమీద కారు నిలిపితిమి. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు సీతానగరపు కొండ, నడుమ కృష్ణమ్మ. తడిసిన కొండరాళ్ళనుండి ఆవిరి లేచుచుండెను. ఉదయము మంగినపూడిలో మా చెంగులెగురవేసిన గాలియే ఇప్పుడు నీళ్ళమీద తేలివచ్చి మమ్ము తాకినది. అత్తగారు కన్నులు మూసికొని దానిని ఆస్వాదించుచు, "ఆ ముసలమ్మ ధాన్యం రేపైనా ఎండుతుందంటావా?" అని అడిగిరి. మింట చుక్కలు కానవచ్చుచుండెను. ఎండుననియే మేము చెప్పితిమి.