జోర్‌బీర్ నేల మీద గద్దలు

రాజస్థాన్‌లోని బికనేర్‌లో రైలు దిగేసరికి తెల్లారుతోంది. జనవరి చలి ఎముకల్లోకి దిగుతోంది. స్టేషన్ బయట వేడి టీ తాగి జీపెక్కాం. ఊరు దాటిన కాసేపటికి జాతీయ ఒంటె పరిశోధన కేంద్రం వచ్చింది. అదీ దాటాక ఇక గోడల్లేవు, ఇళ్లు లేవు. ఇసుక నేల, జిల్లేడు పొదలు, అక్కడొకటి ఇక్కడొకటి జమ్మి చెట్టు. దసరా నాడు మనం ఆకు తెంచి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకునే జమ్మే. ఇక్కడివాళ్లు ఖేజ్రీ అంటారు. దాని కాయలు కూరొండుకుంటారు, ఆకు మేకలకూ ఒంటెలకూ వేస్తారు.

అంతలో వాసన తగిలింది. బికనేర్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చచ్చిన ఆవుల్నీ గేదెల్నీ ఒంటెల్నీ తెచ్చి పడేసే చోటు ఈ జోర్‌బీర్. తోలు ఒలిచేవాళ్లు ఒలుచుకుపోతారు. మిగిలిందంతా పక్షులకీ కుక్కలకీ. 2008లో ఈ ప్రాంతాన్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం 56 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ముక్కు మూసుకుని తిరుగుముఖం పట్టేవాళ్లూ ఉంటారట. నా మట్టుకు నాకు ఏ పుణ్యక్షేత్రానికి వెళ్లినా ఇంత ఆత్రం కలగలేదు.

నేను వచ్చింది స్టెప్పీ గద్ద కోసం. జీపు దిగీ దిగగానే బైనాక్యులర్స్ ఆకాశం వైపు ఎత్తాను.

"పైన వెతక్కండి సాబ్," అన్నాడు డ్రైవరు. "ఎండ ఎక్కలేదుగా, అన్నీ కిందే ఉంటాయి. ఆ కుక్కల వైపు మాత్రం వెళ్లకండి, మాంసం మరిగినవి."

నిజమే. ఇంత బరువైన పక్షి రెక్కలాడించి ఎగరాలంటే ఒంట్లో శక్తి హరించుకుపోతుంది. నేల వేడెక్కి గాలి పైకి లేవాలి, అప్పుడు ఆ గాలి మీద రెక్కలు పరిచి తేలిపోతుంది. అందాకా నేల మీదే కూర్చుంటుంది. మట్టిదిబ్బల మీద, పొదల పక్కన, ఎటు చూసినా గద్దలే. ముందు మట్టిగడ్డలనుకున్నవి ఒక్కొక్కటే తల తిప్పుతున్నాయి.

దగ్గర్లో ఉన్నదాన్ని తనివితీరా చూశాను. ముదురు గోధుమ రంగు, మెడ వెనక కాస్త ఎరుపు తిరిగిన మచ్చ. కాలి వేళ్ల దాకా ఈకలే. నోటి చీలిక పసుప్పచ్చగా కంటి వెనక అంచు వరకూ సాగి ఉంది. ఇదే దీని ఆనవాలు. మన దగ్గర ఏడాది పొడుగునా ఉండే టానీ గద్దకి ఆ గీత కంటి మధ్యకి వచ్చి ఆగిపోతుంది. కాస్త అవతల ఓ పిల్ల గద్ద రెక్క విదిల్చింది. రెక్క అడుగున వెడల్పాటి తెల్లటి పట్టీ తళుక్కుమంది. అది చెరిగిపోయి పెద్దల రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. రెక్కలు చాపితే ఈ పక్షి ఆరడుగులకు పోతుంది. ఆడది మగదానికన్నా పెద్దది, నాలుగు కిలోల పైన కూడా తూగుతుంది.

నేల మీద దీనికింత నిబ్బరం పుట్టిల్లే నేర్పింది. దక్షిణ రష్యా, కజకిస్తాన్, మంగోలియాల్లో చెట్టన్నది లేకుండా గడ్డి పరుచుకున్న స్టెప్పీ మైదానాలు దాని పుట్టిల్లు. గూడు కూడా చాలాచోట్ల నేల మీదే పెడుతుంది. బొరియల్లో ఉండే నేల ఉడుతలు దాని ముఖ్యాహారం. బొరియ పక్కనే కదలకుండా కాచుకుని, ఉడుత తల బయటపెట్టగానే పట్టేస్తుంది. కజకిస్తాన్ జెండా మీద సూర్యుడి కింద రెక్కలు చాపి ఉన్నదీ గద్దే. చలికాలం ముంచుకురాగానే కొన్ని ఆఫ్రికాకీ అరేబియాకీ పోతాయి, కొన్ని హిమాలయాలు దాటి మన దేశానికి వస్తాయి. రష్యా శాస్త్రవేత్తలు కొన్ని స్టెప్పీ గద్దలకు ట్రాన్స్‌మిటర్లు కట్టారు. అవి ఎక్కడున్నదీ ఎస్సెమ్మెస్‌లో తెలుపుతాయి. 2019లో అందులో ఒకటి వేసవంతా కజకిస్తాన్‌లో సిగ్నల్ అందని చోట గడిపి, నేరుగా ఇరాన్ వెళ్లి, దాచుకున్న సందేశాలన్నీ అక్కణ్ణించి ఒక్కసారే పంపింది. విదేశీ రేటు పడి శాస్త్రవేత్తల డబ్బంతా హరించుకుపోయింది. సంగతి తెలిసి జనం చందాలు పంపారు, ఫోన్ కంపెనీ బాకీ మాఫీ చేసింది. ఒక పక్షి ఫోన్ బిల్లుకి ముక్కూముఖం తెలియనివాళ్లు చెయ్యి కలపడం నాకెంతో ధైర్యాన్నిచ్చిన విషయం.

పదిగంటలకి ఓ ట్రాక్టరు ఆవు కళేబరాన్ని దింపి వెళ్లింది. కుక్కలు ముందు చేరాయి. వెనక గ్రిఫాన్ రాబందులు మెడలు చాచి దిగాయి. పెద్ద నల్ల రాబందు ఒకటి రాగానే మిగతావి దారిచ్చాయి. గద్దలు మాత్రం తొందరపడలేదు. రాబందు కండ పీక్కుని పక్కకి రాగానే ఓ గద్ద ఒక్క దూకు దూకి ఆ కండని లాక్కుంది. వేటాడే పక్షి ఇలా దోచుకు తినడం కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు. నాకలా అనిపించలేదు. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షికి వసంతంలో మళ్లీ కొండలు దాటే సత్తువ కావాలి, దొరికింది తింటుంది.

ఎండ ఎక్కింది. గద్దలు ఒకటొకటిగా లేచి సుళ్లు తిరుగుతూ చుక్కలైపోయాయి. కొన్ని దూరంగా కరెంటు స్తంభాల మీద వాలాయి. చూస్తుంటే భయమేసింది. చెట్లు లేని చోట స్తంభమే ఎత్తైన మజిలీ. ఇంత పెద్ద రెక్క రెండు తీగలకు ఒకేసారి తగిలితే క్షణంలో ప్రాణం పోతుంది. కజకిస్తాన్‌లోనూ రాజస్థాన్‌లోనూ ఇలా చచ్చేవి ఎన్నో. 2015 నుంచి స్టెప్పీ గద్ద ఐయూసీఎన్ ప్రమాదపు జాబితాలో ఉంది.

కంటికి కనబడని ఇంకో ప్రమాదం ఆ కళేబరంలో ఉంది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు రాబందుల కిడ్నీలను పాడుచేస్తుందని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుని లోపలి అవయవాల మీద సుద్దపొడిలా తెల్లగా పొర కడుతుంది. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి మిగిలాయి. 2006లో ఆ మందును పశువులకు వాడొద్దన్నారు. రాజస్థాన్‌లోనే కళేబరాల దిబ్బ దగ్గర చచ్చిపడిన రెండు స్టెప్పీ గద్దల్లో అదే మందు, అదే జబ్బు కనబడ్డాయని 2014లో ప్రచురించారు. అంటే ముప్పు రాబందులతో ఆగలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల్ని పశువులకు వాడేవారని 2015లో వాటిని 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు నిషేధించారు.

ఇది రాజస్థాన్ గొడవ అనుకోకండి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందుల ప్రాణం కూడా మన పశువుకి ఏ సూది వేశారన్న దాని మీదే ఉంది. పాడి ఉన్నవాళ్లకి నా మనవి ఒక్కటే. గొడ్డుకి నొప్పో వాపో వస్తే మెలాక్సికామ్ రాయమని పశువుల డాక్టరుని అడగండి. రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలిన మందు అది. డైక్లోఫెనాక్ సూది తెచ్చి ఎవరైనా వేయబోతే వద్దనండి.