మొలలే కదా!

విరేచనంలో రక్తం కనపడిందంటే మనవాళ్ళు రోగం పేరు క్షణాల్లో చెప్పేస్తారు. "వేడి చేసింది", లేకపోతే "మొలలు". పొద్దుణ్ణుంచి రాత్రిదాకా కుర్చీకి అతుక్కుపోయే మన ఐటీ జనాలకి రెండోది మరీ నమ్మదగ్గ మాట. మజ్జిగ తాగమని ఒకరు, పచ్చిమిర్చి మానమని ఇంకొకరు, మందులషాపులో ఓ ట్యూబు. ఎక్కువమందికి అది నిజంగా మొలలే అవుతుంది కూడా. చిక్కల్లా అదే. మాటిమాటికీ నిజమయ్యే జవాబు ఒకటి చేతిలో ఉంటే రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

మా బావగారి సంగతి చెప్తాను (రాయమన్నది ఆయనే, పేరు మాత్రం వద్దన్నారు). వయసు 46. హైదరాబాదులో ఓ కంపెనీలో డేటాబేసులు చూస్తుంటారు. ఆర్నెల్లపాటు అప్పుడప్పుడూ రక్తం పడింది. ఇంటి దగ్గరి డాక్టరు పరీక్షైనా చెయ్యకుండా మొలలకి మందు రాసిచ్చేశారు. తగ్గేది, మళ్ళీ వచ్చేది.

అసలు తీగ దొరికింది కంపెనీవాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్ లో. ఆ పీడీఎఫ్ లు మనందరికీ వస్తాయి. షుగరు, కొలెస్టరాలు చూసుకుని మూసేస్తాం. మా అక్క లెక్కల టీచరు, మూడేళ్ళ రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. హిమోగ్లోబిన్ 14.6, తర్వాత 13.4, తర్వాత 11.9. ఏ ఏడాదికాయేడు విడిగా చూస్తే మొదటి రెండూ నార్మలే. మూడోదాని పక్కన ఓ చిన్న బాణం గుర్తు, అంతే. మూడూ కలిపి చూస్తే మాత్రం ట్యాంకు ఎక్కడో కారుతోందని తెలిసిపోతోంది కదా!

ఈసారి జీర్ణకోశ నిపుణుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఫెరిటిన్ చేయించి, ఐరన్ తక్కువగా ఉందని తేలాక ఒకటే మాటన్నారట, "మగవాళ్ళకి ఈ వయసులో ఐరన్ తగ్గితే మాత్రలిచ్చి ఊరుకోకూడదండీ, రక్తం ఎటు పోతోందో చూడాలి." బావగారికి కొలనోస్కోపీ అంటే సిగ్గూ భయమూ రెండూ. "సీఈఏ అని ఏదో రక్తపరీక్ష ఉందటగా, దాంతో తేలదా?" అని అడిగారు. తేలదు. తొలిదశలో కాన్సరున్న చాలామందికి అది మామూలుగానే వస్తుంది. అది నార్మల్ అని ధీమాగా ఇంటికెళ్ళిపోవడం కంటే అసలు చేయించుకోకపోవడమే నయం.

పెద్దపేగు కాన్సర్లలో చాలావరకు పాలిప్ నుంచే మొదలవుతాయి, అంటే పేగు లోపలి గోడ మీద పుట్టే పులిపిరిలాంటిది. అది కాన్సరుగా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. మిగతా రోగాలు మనకింత గడువు ఎక్కడిస్తాయి చెప్పండి? 1969లో న్యూయార్కులో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా కొలనోస్కోపులోంచి తీగ ఉచ్చు పంపి పాలిప్ ని కోసి తీశారు, పొట్ట కొయ్యకుండా. అలా తీసేస్తే కాన్సర్లు బాగా తగ్గుతాయని 1993లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది.

బావగారికి మొలలూ ఉన్నాయి, ఆ డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. వాటికి పైన, సిగ్మాయిడ్ అనే వంపులో, 25 మిల్లీమీటర్ల పాలిప్ కూడా ఉంది. కాడతో సహా మొత్తం తీసేశారు. పక్కనే గోడలో నల్లసిరా చుక్క కూడా పెట్టారు, రేపు సర్జను వెతుక్కోవాల్సొస్తే ఆనవాలుగా. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

వారానికి బయాప్సీ వచ్చింది. పాలిప్ లో కాన్సరుంది, పై పొర దాటి కింది పొరలోకి దిగింది. స్కానులో ఇంకెక్కడా ఏమీ లేదు. ఇలా తొలిదశలో ఉన్నవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి దగ్గరి లింఫు గ్రంథుల్లోకి కణాలు చేరి ఉంటాయి. అంత సూక్ష్మమైనవి స్కానుకి దొరకవు. మరి పాలిప్ తీశాం కదా అని ఆగిపోవాలా, పేగు ముక్క కూడా కోయించాలా?

బయాప్సీ రిపోర్టులో "కాన్సర్" అన్న మాట చూసి మనం ఆగిపోతాం. చదవాల్సింది దాని తర్వాత. కోసిన అంచు శుభ్రంగా ఉందా? ఎంత లోతుకి దిగింది? కణాలు ఎంత అస్తవ్యస్తంగా ఉన్నాయి? సన్నని రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి దూరిందా? అన్నీ అనుకూలంగా ఉంటే పాలిప్ తీయడంతోనే ఆపి, కనిపెట్టుకుని ఉండటం సరైన వైద్యమే. బావగారికి అంచు శుభ్రం, లోతూ తక్కువే, కానీ నాళాల్లోకి దూరిందన్నారు. అవే స్లైడ్లని ఇంకో పెథాలజిస్టుకి చూపించారు. ఆవిడా అదే చెప్పింది. దాంతో ఆపరేషనుకి ఒప్పుకున్నారు. లాపరోస్కోపీతో సిగ్మాయిడ్ భాగం తీసేసి రెండు కొసలూ కలిపారు. అయిదు రోజులు ఆసుపత్రి.

తీసిన ముక్కలో గ్రంథులు కనీసం 12 పరీక్షించాలంటారు. ఆయనకి 17 చూశారు, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. మొదటి దశ, కీమో అక్కర్లేదన్నారు. ఈ దశలో పట్టుకుంటే పదిమందిలో తొమ్మిదిమంది దాకా అయిదేళ్ళ తర్వాత కూడా బతికే ఉంటారు.

అప్పుడడిగింది మా అక్క, "అంటే కొయ్యకపోయినా సరిపోయేదన్నమాటేగా!" సర్జను నవ్వి, "ఆ మాట కోశాక అనగలుగుతున్నామమ్మా" అన్నారట. అక్కకి ఇప్పటికీ ఆ జవాబు పూర్తిగా నచ్చలేదు. నా మటుకు నాకు ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ పదిమందిలో ఒకరు మనమేనేమో అనుకుంటూ ఏళ్ళు గడపడం కంటే బొడ్డు దగ్గర మచ్చ నయం అని బావగారి లెక్క. పేగు ఆయనది మరి.

అమెరికాలో 2021లో ఏ లక్షణాలూ లేకపోయినా 45 ఏళ్ళకే పరీక్షలు మొదలుపెట్టమన్నారు. మన ప్రభుత్వ స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లే ఉన్నాయి, పేగు లేదు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఉంది గానీ, అది ఏ బాధా లేనివాళ్ళ కోసం. రక్తం కంటికే కనపడుతున్నప్పుడు అది నెగెటివ్ వచ్చినా ఊరుకోకూడదు.

ఇహ రక్తసంబంధీకులు. తోబుట్టువుకి ఇలా వస్తే మామూలుగా 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. బావగారి తమ్ముడు డాలస్ లో ఉంటాడు, వయసు 39. లెక్క ప్రకారం 36కే చేయించుకోవాల్సింది. వచ్చే నెలకి అపాయింట్మెంటు తీసుకున్నాడు. ముందురోజు తాగాల్సిన మందు ఎలా ఉంటుందన్నయ్యా అని ఫోన్ చేస్తే, "భీమిలి వెళ్ళి సముద్రంలో నిమ్మకాయ పిండుకుని రెండు లీటర్లు తాగినట్టుంటుందిరా" అని ధైర్యం చెప్పారు మా బావగారు.